ఫ్లాటు 403కి వచ్చే సైటేషన్లు

ఒక శాస్త్రవేత్త రాసిన పరిశోధన పత్రాన్ని ఇంకొకరు తమ పత్రంలో పేర్కొంటే, ఆ సైటేషన్ మనిషి రూపంలో మొదటి శాస్త్రవేత్త ఇంటికి వచ్చి, తనను ఏ వాక్యం కోసం వాడుకున్నారో ఆ వాక్యం చెప్పి, కాఫీ తాగి, రిజిస్టరులో సంతకం పెట్టి వెళ్ళడం ఎప్పటినుంచో ఉన్నదే కాబట్టి, ఆ ఏప్రిల్ మంగళవారం విశాఖపట్నంలోని సాగరిక అపార్ట్‌మెంట్స్‌కు పద్నాలుగు మంది ఒకేసారి వచ్చినప్పుడు వాచ్‌మన్ పెద్దగా పట్టించుకోలేదు. లిఫ్టు పనిచెయ్యడం లేదని మాత్రం చెప్పాడు. వాళ్ళు మెట్లెక్కి నాలుగో అంతస్తుకు వెళ్ళి 403 గంట కొట్టారు.

403లో శాస్త్రవేత్తలెవరూ లేరు. అక్కడ ఉండేది హేమనళిని, పోర్టులో పనిచేసే ఆమె భర్త జోగారావు. మెదడు మీద పరిశోధన చేసే డాక్టర్ మంథా కేదారేశ్వర్ ఉండేది మూడో అంతస్తులో, 304లో.

పొరపాటు చిన్నదే. పత్రం చివర ఇచ్చే జాబితాలో రచయిత పేరు పక్కన ఆయన ఫ్లాటు నంబరు కూడా వెయ్యడం పద్ధతి. కేదారేశ్వర్ పదేళ్ళ కిందట ఎలుకల నిద్ర గురించీ జ్ఞాపకశక్తి గురించీ ఒక పత్రం రాశాడు. చాలాకాలం దాన్ని పెద్దగా ఎవరూ తాకలేదు. ఆ తరువాత దూరపు ఊళ్ళో ఒక పెద్దాయన తన వ్యాసంలో దాన్ని పేర్కొంటూ 304కి బదులు 403 అని వేశాడు. మిగతావాళ్ళంతా ఆయన జాబితాలోంచి ఎత్తి రాసుకున్నారు. అసలు పత్రం మొదటి పేజీలో, పేరు కిందనే, 304 అని పెద్ద అంకెల్లో ఉంది. అది కనబడాలంటే పత్రం తెరవాలి.

సైటేషన్లు చూడటానికి మామూలు మనుషుల్లాగే ఉంటారు. నలభై దాటిన వయసు, ఇస్త్రీ బట్టలు. జేబు మీద చదరపు బ్రాకెట్ల మధ్య ఒక అంకె కుట్టి ఉంటుంది. ఆడవాళ్ళకైతే పైటకొంగు మీద. ఆ రోజు ముందు నిలబడ్డాయన అంకె 27. చెమటలు కారుతున్నాయి. హేమనళిని తలుపు తీసి, ఆయన్ని చూసి, లోపలికి వెళ్ళి స్టీలు గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి ఇచ్చి, ఆయన తాగాక అప్పుడు అడిగింది ఎవరు కావాలని.

"నిద్ర జ్ఞాపకశక్తిని పెంచుతుందని కేదారేశ్వర్ తదితరులు నిరూపించారు," అన్నాడాయన.

ఆయన కింద 304లో ఉంటారని హేమనళిని చెప్పింది. వచ్చినాయన బాధపడ్డాడు గానీ చేసేదేమీ లేదన్నాడు. సైటేషన్ మొదట ఏ ఇంట్లో నీళ్ళు తాగితే ఆ ఇంటికే చెందుతుంది. ఒకే పత్రం రాసిన ఇద్దరు తమ ఇంటికంటే తమ ఇంటికని పూర్వం పోట్లాడుకుంటే పెట్టిన నియమం అది. ఈలోగా మిగతా పదముగ్గురికీ కూడా ఆమె నీళ్ళు ఇచ్చేసింది. వారం తిరిగేసరికి జాతీయ నాడీశాస్త్ర పరిశోధనాలయం నుంచి 403 పేరిట ఒక బౌండు రిజిస్టరు వచ్చింది.

"మనింటికి చుట్టాలు రావడం మానేసి పదేళ్ళయింది," అన్నాడు జోగారావు, డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు విడిచే చోటు లేక చేత్తో పట్టుకుని. "ఇప్పుడు ఎలకల తాలూకు చుట్టాలొస్తన్నారు."

రోజుకు పదిహేను మంది, ఇరవై మంది వచ్చేవాళ్ళు. అందరూ ఒకే వాక్యం చెప్పేవాళ్ళు. ఒకాయన మాత్రం కేదారేశ్వర్ తదితరుల వాదన తనకు నచ్చలేదని కోపంగా చెప్పాడు. ఆయనకీ అదే కాఫీ, రిజిస్టరులో అదే వరస. తిట్టడానికి వచ్చినా వచ్చినట్టే లెక్క. హేమనళిని ఇరవై ఎనిమిదేళ్ళ కిందట జువాలజీతో బీయెస్సీ చదివింది. వచ్చినవాళ్ళు చెప్పిన వాక్యాన్ని రిజిస్టరులో ఎక్కించేటప్పుడు 'తదితరులు' అంటే ఎవరో ఆమెకు తెలుసుకోవాలనిపించేది. ఇద్దరు ముగ్గుర్ని అడిగింది. వాళ్ళకు తెలియదు.

మే నెలలో ఒక ఆదివారం కేదారేశ్వర్ పైకి వచ్చాడు. యాభై రెండేళ్ళ ఒంటరి మనిషి, మాట నెమ్మది. పరిశోధనాలయం ఉత్తరం చూపించాడు. పత్రం అచ్చయిన పదేళ్ళలోపు వంద సైటేషన్లు రాకపోతే ఆ శాస్త్రవేత్త ప్రయోగశాల వెనక్కి తీసుకుంటారు. గడువు జూన్ పదిహేను. ఆయనకు వచ్చినవి తొమ్మిది. అందులో ఆరు తన పత్రాన్ని తానే పేర్కొన్నవి. అవి ఆయనలాగే ఉండేవి, కాస్త సన్నగా. అలాంటివాళ్ళు వచ్చిన రోజున ఆయన ఏడు కప్పుల టీ పెట్టుకునేవాడు.

మిగతావాళ్ళకు ఇన్నేసి ఎలా వస్తాయని ఆమె అడిగింది. ఆయన వివరించాడు. అది పేరంటం లాంటిది. మీరు మా ఇంటికి ఐదుగుర్ని పంపితే మేము మీ ఇంటికి ఐదుగుర్ని పంపుతాం. ఎవరు ఎవరింటికి రాలేదో అందరికీ గుర్తుంటుంది. తాను ఎవరి పేరంటానికీ వెళ్ళలేదు.

"నా ప్రయోగశాల, ఆ తొమ్మిదో నంబరు గది ఉంటే చాలండి నాకు. ఒక్క సంగతి తేలాలి," అన్నాడు. "మీరు ముందు అడిగి తరవాత మంచినీళ్ళివ్వండి. ఇచ్చాక అడక్కండి."

హేమనళిని సరేనంది. మర్నాడు పదకొండింటికి వచ్చినావిడకు యాభై ఏళ్ళుంటాయి. నేత చీర, పెదవులు ఎండిపోయి ఉన్నాయి. హేమనళిని ఖాళీ చేతులతో గుమ్మంలో నిలబడి ఎవరు కావాలని అడిగింది. ఆవిడ సమాధానం చెప్పబోయి, ఊపిరందక మెట్టు మీద కూర్చుంది. హేమనళిని నిమిషన్నర ఆగింది. ఆ తరువాత గ్లాసు తెచ్చింది. సాయంత్రం కిందకి వెళ్ళి, నిమిషన్నర కంటే ఎక్కువ ఆగలేకపోయానని కేదారేశ్వర్‌కు చెప్పింది. ఆయన అర్థం చేసుకున్నాడు.

ఆయన మూడో అంతస్తు మెట్ల దగ్గర కొత్త కుండ పెట్టాడు. కుండ ఇంటి లెక్కలోకి రాదని పరిశోధనాలయం తేల్చింది. దాంతో వచ్చినవాళ్ళను 304లోకి పిలవడానికి తానే సెలవు పెట్టి కుండ పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. సైటేషన్లు ఆయన్ని దారిమ్మని మర్యాదగా అడిగి పైకి వెళ్ళేవాళ్ళు. కేదారేశ్వర్‌ని నేనేనండీ అని చెబితే జాలిగా చూసేవాళ్ళు. ఒకాయన ఆగి రుజువు ఏమైనా ఉందా అని అడిగాడు. ఈయన పత్రం మొదటి పేజీ చూపించబోయాడు.

"పత్రం నేను చూడకూడదండి," అన్నాడాయన వెనక్కి తగ్గి. "నేను సైటేషన్‌ని మాత్రమే."

ఆ మాట పైనుంచి హేమనళినికి వినబడింది. ఆ మధ్యాహ్నం ఆమె కిందకి వెళ్ళి పత్రం ఇమ్మని అడిగింది. ఇరవై రెండు పేజీలు. రెండు మధ్యాహ్నాలు, ఒక నిఘంటువు, పక్కన తెల్ల కాగితాలు పెట్టుకుని చదివింది. మొదటి మధ్యాహ్నం పద్ధతి దగ్గరే గడిచింది. ఎలుకలకు చెక్కగోడల మధ్య దారి నేర్పడం, కొన్నిసార్లు నిద్రపోనిచ్చి, కొన్నిసార్లు పోనివ్వకుండా, మళ్ళీ వదిలి చూడటం. తదితరులెవరో కూడా తెలిసింది. ఒక విద్యార్థిని, బోనులు కడిగే మనిషి. మూడో రోజు వెళ్ళేసరికి కేదారేశ్వర్ టీ పెట్టుకుంటున్నాడు.

"పత్రం చదివానండి," అంది.

ఆయన స్టవ్ ఆపాడు. "మొత్తమా?"

"పట్టికలతో సహా. నాలుగో పట్టికలో కూడిక ఒకటి తక్కువొచ్చింది. అది పెద్ద సంగతి కాదనుకోండి."

ఆయన కుర్చీ తెచ్చి, తుడిచి వేశాడు. ఎదురుగా తాను కూర్చోకుండా నిలబడ్డాడు.

పన్నెండు ఎలుకల మీద ప్రయోగం చేస్తే పదకొండింట్లో నిద్రపోయినా పోకపోయినా ఏ తేడా లేదని తొమ్మిదో పేజీలో ఉంది కదా అని హేమనళిని అడిగింది. పన్నెండోది ఒక్కటే నిద్రలేచి, ఒక్క మలుపూ తప్పకుండా తిన్నగా వెళ్ళింది. తొమ్మిదిసార్లు వదిలితే తొమ్మిదిసార్లూ. దీన్నిబట్టి ఇప్పుడే ఏమీ చెప్పలేమని ఆఖరి వాక్యంలో ఉంది.

"మరి వచ్చినవాళ్ళందరూ నిరూపించారంటున్నారు."

"ఆఖరి వాక్యం దాకా ఎవరూ రారండి."

"వాళ్ళు మీ ఇంటికే వచ్చి ఆ మాట అంటే ఏం చేసేవారు?"

కేదారేశ్వర్ స్టవ్ మీంచి టీ గిన్నె దించాడు. అబద్ధం చెప్పే మనిషి కాదు.

"కాఫీ ఇచ్చేవాణ్ణి," అన్నాడు.

ఆ తరువాత వాళ్ళు గంటసేపు పన్నెండో ఎలుక గురించి మాట్లాడుకున్నారు. దాని తోక చివర చిన్న గాటు ఉండేది. దాని బోను కిటికీ పక్కన ఉండేది. కిటికీ వల్లనేమోనని ఆయన మరో పదిహేను ఎలుకల్ని అక్కడే పెట్టి చూశాడు, అవి మామూలుగానే దారి తప్పాయి. తల్లి వేరేదా అని ఆమె అడిగింది. తల్లి ఒకటే, అదే ఈతలో పుట్టినవి ఇంకో మూడు ఆ పదకొండులో ఉన్నాయి. పడుకునేటప్పుడు ఏ పక్కకి తిరిగి పడుకునేదని అడిగింది. అది ఆయన రాసిపెట్టుకోలేదు. ఆ ప్రశ్నను ఆయన అప్పటికప్పుడు గోడ క్యాలెండరు మీద రాసుకున్నాడు.

జూన్ పదిహేనున పరిశోధనాలయం సైటేషన్ల విభాగం సూపరింటెండెంటు బొడ్డేపల్లి అప్పలస్వామి వచ్చి రెండు రిజిస్టర్లూ తనిఖీ చేశాడు. 304లో తొమ్మిది. 403లో పదకొండు వందల ఇరవై ఆరు. నియమం ప్రకారం తొమ్మిదో నంబరు గది, అందులో ఉన్న ముప్ఫై ఆరు ఎలుకలు, ప్రొఫెసర్ హోదా ఆ రోజు నుంచి 403కి చెందుతాయని రాసి, రసీదు చింపి హేమనళిని చేతికిచ్చాడు.

"నేను శాస్త్రవేత్తను కానండి," అంది ఆమె.

"కాదా అని ఫారంలో అడగలేదమ్మా."

"పత్రం రాసింది ఆయన."

"రాసినోళ్ళు శానామంది ఉంటారమ్మా," అన్నాడు అప్పలస్వామి ఓపికగా. "వచ్చినోళ్ళు ఎవురింటికి వచ్చినారన్నదే మాకు లెక్క."

జోగారావు ఈ సంగతి పోర్టు క్యాంటీనులో అందరికీ చెప్పాడు. ఇరవై ఏడేళ్ళు క్రేన్ల కింద నిలబడితే తనకు ఒక్క ప్రమోషన్ వచ్చిందనీ, ఈవిడ గుమ్మంలో నిలబడి ప్రొఫెసరయిపోయిందనీ అన్నాడు. అంటూనే మిఠాయి పంచాడు.

హేమనళిని ముందు వద్దందామనుకుంది. వద్దంటే గది మూసేస్తారనీ, ఎలుకల్ని వేర్వేరు చోట్లకు పంచేస్తారనీ కేదారేశ్వర్ చెప్పాడు. తాళంచెవి తానే తెచ్చి ఇచ్చాడు. హోదా పోయినవాళ్ళు ప్రయోగశాలలోకి రాకూడదు. కానీ 403లో పగలంతా సైటేషన్లను చూసుకునే మనిషి ఒకరు ఉండాలి, అది ఫలానావాళ్ళే కావాలని ఎక్కడా లేదు. అందుచేత పొద్దున్న ఎనిమిదింటికి కేదారేశ్వర్ తన టీ కప్పుతో పైకి వచ్చేవాడు, హేమనళిని ఆయన రాసిచ్చిన కాగితాలు సంచీలో పెట్టుకుని బస్సెక్కేది. ఎవరూ దీన్ని వింతగా చూడలేదు. కాఫీ మాత్రం మొదట్లో పలచగా ఉండేదని రిజిస్టరులో ఇద్దరు రాశారు.

ఎలుకల పని ఆమెకు వంటింటి పని కంటే కష్టమనిపించలేదు. వేళకు తిండి, వేళకు నీళ్ళు, ఎవరు ఎంత తిన్నారో గుర్తుపెట్టుకోవడం. ప్రతి ఎలుకా ఏ పక్కకి తిరిగి పడుకుందో ఆమె రాసింది. చలికాలం వచ్చేసరికి కొత్తగా పుట్టినవాటితో కలిపి పన్నెండేసి చొప్పున నాలుగు జట్లు అయ్యాయి. నలభై ఎనిమిదీ దారి తప్పాయి. సాయంత్రం ఇల్లు చేరగానే కేదారేశ్వర్ వేసే మొదటి ప్రశ్న ఎన్ని తప్పాయని. అన్నీ అంటే, ఏ మలుపులో తప్పాయని రెండో ప్రశ్న. ఇద్దరూ కాగితం మీద దారి గీసి చూసుకునేవాళ్ళు.

ఫిబ్రవరిలో ఐదో జట్టులో ఒక ఎలుక నిద్రలేచి తిన్నగా వెళ్ళింది. తొమ్మిదిసార్లలో రెండుసార్లు. హేమనళిని ఆ రోజు బస్సు కోసం ఆగకుండా ఆటోలో వచ్చి చెప్పింది.

కేదారేశ్వర్ గ్లాసులు కడుగుతున్నాడు. ఆ రోజు ఇరవై నలుగురు వచ్చి వెళ్ళారు. "రెండుసార్లేనా?" అన్నాడు. "తొమ్మిదిసార్లూ వెళ్ళాలి కదండీ. అన్నీ అలాగే వెళ్ళాలి."

అలసిపోయి అన్నాడనుకుంది. కానీ ఆ మాట ఆమెను వదల్లేదు. ఎవరో ఒకరు వచ్చినవాళ్ళకు చెప్పాలి కదా అనిపించింది. వచ్చేవాళ్ళంతా చెబుతున్న వాక్యం పత్రంలో లేదనీ, తొమ్మిదో పేజీలో దానికి విరుద్ధంగా ఉందనీ, ఈ సంగతి పంపేవాళ్ళకు తెలియజెయ్యాలనీ పరిశోధనాలయానికి ఉత్తరం రాసింది. పేజీ, పేరా, వరస నంబర్లతో సహా.

నలభై రోజులకు జవాబు వచ్చింది. ఆమె శ్రద్ధకు ధన్యవాదాలు చెప్పారు. పత్రానికీ సైటేషన్లకూ పొంతన లేదన్న మాట నిజమేనని ఒప్పుకున్నారు. ఇలాంటప్పుడు ఎక్కువ ఉన్నవాటిని బట్టి తక్కువ ఉన్నదాన్ని దిద్దాలి. సైటేషన్లు ఈనాటికి ఆరు వేల మూడు వందలు, పత్రం ఒక్కటి. కాబట్టి పత్రాన్ని రచయిత దిద్దాలి, గది అధిపతి సంతకం చెయ్యాలి. నెలాఖరులోగా ఇది జరగకపోతే సైటేషన్లన్నీ రద్దవుతాయి, తొమ్మిదో నంబరు గది మూసేస్తారు.

ఆమె ఆ కాగితాన్నీ పత్రాన్నీ తీసుకెళ్ళి కేదారేశ్వర్ ముందు పెట్టింది. ఆయన ఒప్పుకోడనే అనుకుంది. అప్పుడేం చెయ్యాలో కూడా దారిలో ఆలోచించుకుంది. పై అధికారికి ఇంకో ఉత్తరం, కావాలంటే ఇద్దరూ కలిసి వెళ్ళడం.

కేదారేశ్వర్ కళ్ళజోడు పెట్టుకుని తొమ్మిదో పేజీ చదివాడు. మళ్ళీ మొదటినుంచి చదివాడు. ఒక వరస దగ్గర వేలు ఆపాడు.

"పదకొండు ఎలుకల్లో తేడా లేదు అని పడిందేమిటండీ? ఇక్కడ అచ్చుతప్పు ఉన్నట్టుంది."

"మీరే రాశారండి."

"నేను రాసింది నాకు గుర్తుండదా?" అన్నాడు, నొచ్చుకోకుండా.

ఆయనకు బాగా గుర్తుంది. పన్నెండు ఎలుకలు. పన్నెండూ నిద్రలేచి తిన్నగా వెళ్ళాయి. పన్నెండు తోకల చివరా గాటు ఉండేది, గుర్తు కోసం తామే పెట్టామని కూడా చెప్పాడు. ఆ మాటలు చెబుతున్నప్పుడు ఆయన ముఖంలో ఏ తడబాటూ లేదు. రోజుకు ఇరవై మంది చొప్పున తొమ్మిది నెలలుగా ఆ వాక్యం వింటున్నాడు. అంతకు ముందు పదేళ్ళలో ఆయన వాక్యాన్ని ఆయనకు తిరిగి చెప్పిన మనిషి హేమనళిని ఒక్కతే, అది కూడా ఒక్కసారే.

పన్నెండో ఎలుక ఏ పక్కకి తిరిగి పడుకునేదని ఆమె మళ్ళీ అడిగింది. ఏ పన్నెండోది అని ఆయన అడిగాడు.

కలం అడిగి తీసుకుని, 'పదకొండు' కొట్టేసి, 'లేదు' కొట్టేసి, అంచున కొత్త వాక్యం అందమైన చేతిరాతతో రాసి, తేదీ వేసి సంతకం చేశాడు. ఇన్నేళ్ళూ ఇది ఎవరూ చూపించకపోవడం ఆశ్చర్యంగా ఉందన్నాడు. చూపించినందుకు ఆమెకు కృతజ్ఞతలు చెప్పాడు.

ఇక కావలసింది ఆమె సంతకం. నెలాఖరుకు నాలుగు రోజులుంది. హేమనళిని ఆ నాలుగు రోజులూ గదికి వెళ్ళింది. రెండుసార్లు తిన్నగా వెళ్ళిన ఎలుక ఆ వారం మూడోసారి వెళ్ళింది. సంతకం పెడితే గది ఉంటుంది, ఎలుక ఉంటుంది, కానీ దాన్ని గురించి అడగడానికి ఏమీ ఉండదు. పన్నెండుకు పన్నెండూ వెళ్ళాయని అచ్చయ్యాక ఒకటి ఎందుకు వెళ్ళిందని ఎవరు అడుగుతారు? పెట్టకపోతే ప్రశ్న ఉంటుంది. అడగడానికి గది ఉండదు.

"సంతకం పెట్టీ," అన్నాడు జోగారావు అన్నం కలుపుకుంటూ. "మన శుభలేఖలో మా నాన్న పేరు తప్పు పడింది. పెళ్ళాగిపోనాదేటి?"

ఆఖరి రోజు నాలుగింటికి ఆమె సైటేషన్ల విభాగానికి వెళ్ళింది. అప్పలస్వామి ఫారం తీసి సంతకం ఎక్కడో వేలితో చూపించాడు. ఆమె సంతకం చేసింది. కలం ఎత్తకుండా దాని కిందనే ఖాళీగా ఉన్నచోట చిన్న అక్షరాలతో రాసింది: ఈ పత్రాన్ని నేను చదివాను. తొమ్మిదో పేజీలో ముందున్నదే సరైనది.

అప్పలస్వామి ఫారం తనవైపు తిప్పుకుని చూశాడు.

"ఇక్కడేటీ రాయకూడదమ్మా. స్టాంపు చోటిది."

"కొట్టెయ్యమంటారా?"

"కొట్టివేతలకి వేరే ఫారం ఉంది. ఆ సెక్షన్ ఇవాళ లేదు." ఆయన ఇంకుప్యాడు మూత తీశాడు. "పర్లేదులెండి."

గుండ్రటి ఊదారంగు స్టాంపు రెండు వాక్యాల మీదా పడింది. ఆయన కాగితాన్ని ఎత్తి, ఊది, ఆరాక ఆమెకు ఒకసారి చూపించి, మిగతా ఫారాల కింద పెట్టాడు. అక్షరాలు స్టాంపు కింద చదవడానికి వీలుగానే ఉన్నాయి, చదివేవాళ్ళుంటే.